ఆడించడం వేరు, ఆడుకోనివ్వడం వేరు

బొంగరం తిప్పితే ఆట. మరి స్టీలు పళ్ళెం తిప్పితే?

సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మల్ని వరసగా పేరిస్తే బొమ్మల కొలువు. ఐదేళ్ళ పిల్లాడు తన బొమ్మ కార్లన్నీ గోడ వెంట వరసగా పేరిస్తే 'లక్షణం'. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరిగితే ఒప్పులకుప్ప. ఒక్కడే క్లాసులో గిరగిరా తిరిగితే వాళ్ళమ్మకి స్కూల్ నుంచి ఫోన్.

వెటకారానికి అనడం లేదు. మా పిన్ని కొడుక్కి ఆటిజం ఉంది. వాడికిప్పుడు ఐదున్నరేళ్ళు, హైదరాబాద్‌లో యూకేజీ చదువుతున్నాడు. పేరు రాయను, ఇంట్లో పిలిచినట్టే ఇక్కడా చిన్నోడు అంటాను. ఇంజినీరింగ్‌లో చేరినప్పటి నుంచి చాలా ఆదివారాలు హాస్టల్ మెస్ నుంచి తప్పించుకుని పిన్ని వాళ్ళింట్లోనే తేలుతున్నాను. అందుకని వాడి ఆటల్ని బాగా దగ్గర నుంచి చూశాను. చూసినదాంతోనూ, తర్వాత కూర్చుని చదివినదాంతోనూ నాకొక అభిప్రాయం ఏర్పడింది.

ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు ఆడుకోవడం రాదని చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్ళు ఆడుకుంటూనే ఉన్నారు. ఆ ఆటలోకి ఎలా వెళ్ళాలో మనకు తెలియక, దాన్ని ఆపేసి మన ఆట నేర్పిస్తున్నాం. ఇల్లు, స్కూలు, థెరపీ సెంటర్ల మధ్య వాళ్ళకు మిగిలే కాస్త సొంత సమయం కూడా అలాగే పోతోంది. నా గొడవ దాని గురించే.

మన మాటలోనే ఉంది

ఇది తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఒక్క నిమిషం వ్యాకరణం. (భయపడకండి, ఇంటర్నల్స్‌లో రాదు.) వండడం, వండుకోవడం. రాయడం, రాసుకోవడం. ఆ 'కొను' చేరగానే ఆ పని మన కోసం, మన ఇష్టం కొద్దీ చేసేది అవుతుంది. పిల్లల విషయంలో మనం మామూలుగా వాడే మాట కూడా 'ఆడుకోవడం'. పక్కన ఎవరూ లేకపోయినా ఆ పని పూర్తవుతుంది. ఎవరికోసమూ చేయనక్కర్లేదు, దేనికీ పనికిరానక్కర్లేదు.

ఇంకో మాట ఉంది, 'ఆడించడం'. చంటిపిల్లల్ని ఆడిస్తాం. తోలుబొమ్మల్ని కూడా ఆడిస్తాం.

చిన్నోడి రోజు ఇదీ. ఎనిమిదింటికి స్కూల్ వ్యాన్. మూడున్నరకి ఇల్లు. నాలుగున్నరకి స్పీచ్ థెరపీ, అక్కడి నుంచి ట్రాఫిక్‌లో ఆక్యుపేషనల్ థెరపీ. ఏడింటికి ఇంటికొస్తే హోంవర్క్. థెరపీలో చాలా బొమ్మలుంటాయి. కానీ ఏ బొమ్మ ఎప్పుడు తీయాలో, దాంతో ఏం చేయాలో, ఎన్నిసార్లు చేయాలో అన్నీ పెద్దవాళ్ళే చెప్తారు. పలకరిస్తే చూడాలి, చూస్తే బొమ్మ ఇస్తారు. అది ఆడించడం. దాని అవసరం ఉండొచ్చు, దాని సంగతి తర్వాత మాట్లాడతాను. వాడు ఆడుకునేది మాత్రం అన్నానికి ముందు ఆ అరగంటే.

1943 నాటి పిల్లాడు

అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ 1943లో 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం అని ఈరోజు మనం అంటున్నదానికి చాలావరకు అదే మొదలు. అందులో మొదటి పిల్లాడి పేరు డొనాల్డ్. చెక్క దిమ్మలు, గిన్నెలు, గుండ్రంగా ఉన్నది ఏది దొరికినా తిప్పేవాడు. వస్తువులు తిరుగుతుంటే ఇలాంటి పిల్లలు ఎంత పరవశించిపోతారో కూడా కానర్ రాశాడు. ఆనందం అక్కడ కాగితం మీదే ఉంది. కానీ తర్వాత వచ్చిన చెక్‌లిస్టుల్లో తిప్పడం మిగిలింది, ఆనందం మిగల్లేదు.

2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికన్ వైద్య పుస్తకం ఆటిజాన్ని గుర్తించే పద్ధతికి పెద్ద ఆధారం. బొమ్మల్ని వరసగా పేర్చడం అందులో ఒక ఉదాహరణగా కనిపిస్తుంది. ఇతరులతో కలిసి ఊహల ఆటలు ఆడటంలో ఇబ్బంది కూడా ఉంటుంది. డాక్టర్‌కి అది కావాలి, కాదనను. ఒక్క లక్షణం చూసి ఎవరూ ఆటిజం అని తేల్చరు కూడా. ఇబ్బంది ఎక్కడంటే, డాక్టర్ గుర్తుపట్టడానికి వాడే జాబితాని ఇంట్లో మనం తుడిచేయాల్సిన జాబితాగా చదువుతున్నాం. జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది. అంతమాత్రాన ఎవరూ థర్మామీటర్‌కి ట్రీట్‌మెంట్ ఇవ్వరు కదా.

ఇంతకీ డొనాల్డ్ ఏమయ్యాడంటే, మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే తన చిన్న ఊళ్ళోనే బతికాడు. బ్యాంకులో ఉద్యోగం చేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు తిరిగాడు. 2023లో, 89 ఏళ్ళ వయసులో పోయాడు. డబ్బున్న కుటుంబం కావడం వాడికి కలిసొచ్చింది. ఊళ్ళోవాళ్ళు తమవాడే అనుకోవడం కూడా అంతే కలిసొచ్చింది.

ఇంట్లో

చిన్నోడి పళ్ళెం దగ్గరికొద్దాం. ఏ పళ్ళెం పడితే ఆ పళ్ళెం పనికిరాదు. అంచు మడత ఉన్న పాత స్టీలు పళ్ళెమే కావాలి. నిలబెట్టి తిప్పి వదులుతాడు. వెంటనే బోర్లా పడుకుని చెవి నేలకి ఆనిస్తాడు. పళ్ళెం ఒరిగేకొద్దీ చప్పుడు వేగం పెరుగుతూ పెరుగుతూ సన్నగా మారి, ఠక్కున ఆగిపోతుంది. ఆగిన ఆ క్షణంలో చిన్నోడు నవ్వుతాడు. మళ్ళీ తిప్పుతాడు.

మెకానికల్ వాళ్ళకి తెలిసే ఉంటుంది, దీన్ని ఆయిలర్ డిస్క్ అంటారు. తిరిగే నాణెం ఆగిపోయే ముందు చప్పుడు ఎందుకంత వేగమవుతుంది, ఎందుకలా ఠక్కున ఆగిపోతుంది అని కేంబ్రిడ్జ్ గణితవేత్త కీత్ మోఫట్ 2000లో నేచర్ పత్రికలో రాశాడు. ఆయన చూసినా, వీడు చూసినా చూస్తున్నది ఒకటే. ఒకరిది పరిశోధన, ఇంకొకరిది 'రిపిటిటివ్ బిహేవియర్'. చిన్నోడు సైంటిస్ట్ అవుతాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆటిజం ఉన్న ప్రతి పిల్లాడిలో ఐన్‌స్టీన్‌ని వెతకడం కూడా ఒక రకమైన చిన్నచూపే. వాడు ఏమీ కాకపోయినా ఆ ఆట ఆటే.

మాటలతో కూడా ఆడతాడు. మెట్రోలో విన్న ప్రకటన, తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయనేది, అదే గొంతులో, అదే రాగంతో ఇంట్లో చెప్తుంటాడు. చాలామందికి అది చిలకపలుకు. కానీ పిన్ని గమనించింది: బయటికి వెళ్ళాలనిపించినప్పుడే చెప్తాడు, చెప్పులు పెట్టే చోట నిలబడి చెప్తాడు. ఇలా విన్నది విన్నట్టు తిరిగి చెప్పడాన్ని ఎకోలేలియా అంటారు. అందులో అడగడం, ఒప్పుకోవడం, వంతు అందుకోవడం లాంటి పనులు దాగి ఉంటాయని బారీ ప్రైజెంట్ లాంటి పరిశోధకులు 1980ల మొదట్లోనే చూపించారు. మనం సినిమా డైలాగులతో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం కదా, వాడు మెట్రో డైలాగ్‌తో మాట్లాడుతున్నాడు.

మా ఇంట్లో చిన్నోడితో బాగా ఆడగలిగింది అమ్మమ్మ. ఆవిడకి ఆటిజం గురించి ఎవరూ క్లాస్ తీసుకోలేదు. వేసవిలో వచ్చినప్పుడు తన వామనగుంటల పీట తెచ్చుకుంది. 14 గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. చిన్నోడిని పిలవలేదు, రమ్మనలేదు. నేల మీద కూర్చుని తన మానాన తను ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేసుకుంటూ పోయింది. మూడో రోజుకి వాడొచ్చి పక్కన కూర్చున్నాడు. వాడొక పిక్క వేస్తే ఆవిడా ఒక పిక్క వేసింది. వాడు రెండు వేస్తే రెండు. వాడు పిక్కలన్నీ ఒకే గుంటలో పోస్తే ఆవిడ కూడా "సరే, ఇయ్యాళ ఆట ఇదే అన్నమాట" అని తనవీ పోసింది. వారం తర్వాత ఆవిడ ఒక వంతు కావాలనే ఆపింది. చిన్నోడు కాసేపు చూసి, ఆవిడ చెయ్యి పట్టుకుని గుంట మీద పెట్టాడు.

'నీ వంతు' అని వాడు చెప్పిన తీరు అది. ఆ మాట వాడితో అనిపించాలని థెరపీలో కొన్ని నెలలుగా ప్రయత్నిస్తున్నారు.

అమ్మమ్మ చేసినదానికి శాస్త్రం కూడా ఉంది. పెద్దవాళ్ళు ఆటిజం ఉన్న పిల్లల ఆటని అనుకరిస్తే, ఆ పిల్లలు వాళ్ళ వైపు చూడటం పెరుగుతుందని 1984లోనే రెండు వేర్వేరు అధ్యయనాలు వచ్చాయి. "నన్ను చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పక్కర్లేదు. నువ్వు వాడు చూసేది చూడు, వాడు చేసేది చెయ్యి. కాసేపటికి వాడే నిన్ను చూస్తాడు.

స్కూల్లో

ఇంట్లో ఒక పళ్ళెం, ఒక అమ్మమ్మ ఉంటే నడిచిపోతుంది. స్కూల్లో ఇంటర్వెల్ ఉంటుంది.

పెద్ద బెల్లు. వందమంది పిల్లలు ఒక్కసారి అరవడం. కారిడార్‌లో తోపులాట. ఆట రూల్స్ ఎవరూ చెప్పరు, రెండు నిమిషాలకోసారి మారిపోతుంటాయి. చప్పుడు మనకంటే గట్టిగా తాకే పిల్లాడికి, తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే భయపడే పిల్లాడికి, రోజంతటిలో అన్నిటికంటే కష్టమైన పీరియడ్ అదే. లెక్కల క్లాసులో వాడు హాయిగానే ఉంటాడు. మనమేమో ఇంటర్వెల్‌ని 'ఫ్రీ టైమ్' అంటాం.

చిన్నోడు చెవులు మూసుకుని మెట్ల కింద కూర్చుంటాడు. లేకపోతే ప్రహరీ గోడ ఇటుకల్ని వేలితో తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాడు. డైరీలో ఎప్పుడూ ఒకే రిమార్క్: పిల్లలతో కలవడం లేదు.

కలవడం అంటే ఏంటో కూడా కాస్త చూడాలి. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటల్ని రకాలుగా విడదీసింది. ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలిసి ఆడటం, ఇలా. వీటిని నిచ్చెన మెట్లలా చూడటం తర్వాత అందరికీ అలవాటైంది. కానీ పక్కపక్కన ఆడుకోవడం కింది మెట్టు అయితే మన హాస్టల్ సంగతేంటి? రూమ్‌లో నలుగురం, నాలుగు మంచాలు, నాలుగు స్క్రీన్లు, మూడు గంటలసేపు ఒక్క మాట లేదు. అడిగితే "ఫ్రెండ్స్‌తో ఉన్నా" అంటాం. అబద్ధం కూడా కాదు. చిన్నోడికి ఆ వెసులుబాటు ఎందుకు ఇవ్వం?

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు. ఇంటర్వెల్‌లో పిల్లల్ని గమనించి 2017లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో తేలిందేంటంటే, ఆటిజం ఉన్న మగపిల్లలు ఎక్కువగా విడిగా ఉండిపోయారు. ఆడపిల్లలు మాత్రం గుంపుకి దగ్గర్లోనే తిరుగుతూ, కాసేపు లోపలికి, కాసేపు బయటికి వస్తూ ఉన్నారు. దూరం నుంచి చూసే టీచర్‌కి అంతా బాగానే కనిపిస్తుంది. గోడ పక్కన నడిచే పిల్లాడికి కనీసం డైరీలో రిమార్క్ వస్తుంది. ఆ పాపకి అది కూడా రాదు.

మరి ఏం చేయొచ్చు? 2012లో కానీ కసారీ బృందం అమెరికాలో మామూలు స్కూళ్ళలో చదువుతున్న, 6 నుంచి 11 ఏళ్ళ వయసున్న 60 మంది ఆటిజం పిల్లలతో ఒక అధ్యయనం చేసింది. కొన్ని చోట్ల పెద్దవాళ్ళు నేరుగా ఆ పిల్లలకే నేర్పించారు. కొన్ని చోట్ల వాళ్ళ క్లాస్‌లోని తోటిపిల్లలకు నేర్పించారు, ఒంటరిగా ఉన్నవాళ్ళని ఆటలో ఎలా కలుపుకోవాలో. క్లాస్‌లో స్నేహాల విషయంలో ఎక్కువ మార్పు తోటిపిల్లలకు నేర్పిన చోట వచ్చింది. ఆట మైదానంలో ఒంటరితనం కూడా అక్కడే తగ్గింది.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, రెండు సిస్టమ్‌లు వేర్వేరు ప్రోటోకాల్స్‌లో మాట్లాడుతుంటే తప్పు ఒకదానిదే అని ఎవరూ అనరు. డేమియన్ మిల్టన్, తనకీ ఆటిజం ఉన్న బ్రిటిష్ సోషియాలజిస్ట్, 2012లో ఇదే అన్నాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి మనం అర్థం కానట్టే మనకీ వాళ్ళు అర్థం కారు, లోపం ఇద్దరి మధ్యా ఉందని. మరి మార్పులు చేసుకునే పనంతా ఐదేళ్ళ పిల్లాడి మీదే ఎందుకు పెడుతున్నాం?

చిన్నోడి స్కూల్ పేరు రాయను. వచ్చే జూన్‌లో ఒకటో తరగతికి సీటు కావాలంటే సొంత ఖర్చుతో షాడో టీచర్‌ని పెట్టుకోండి, లేదంటే వేరే స్కూల్ చూసుకోండి అన్నారు. కారణం ఏంటని అడిగితే చదువు గురించి కాదు, ఇంటర్వెల్ గురించే చెప్పారు. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ నిధులున్న, ప్రభుత్వ గుర్తింపున్న స్కూళ్ళు వివక్ష లేకుండా చేర్చుకోవాలని అందులో 16వ సెక్షన్ చెప్తుంది. అక్కడే చదువుతో పాటు క్రీడలు, వినోదం కూడా అందరితో సమానంగా అందాలని ఉంది. పోయిన ఆదివారం ఆ పేజీ ప్రింట్ తీసి పిన్నికిచ్చాను. బాబాయి సెలవు పెట్టి ఈ వారం ప్రిన్సిపాల్‌ని కలవబోతున్నాడు. ఏమవుతుందో ఇంకా తెలీదు.

మరి వదిలేద్దామా?

ఇది చదివి ఎవరైనా "అంటే థెరపీ మానేయమంటావా? పిల్లాడిని పళ్ళెంతో వదిలేయమంటావా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. లేదు, మానేయమనను. చిన్నోడు మంచినీళ్ళు కావాలని బొమ్మ చూపించి అడగడం థెరపీలోనే నేర్చుకున్నాడు. అంతకుముందు దాహమేస్తే ఏడుపే. రోడ్డు మీదికి పరుగెత్తడం, చెయ్యి కొరుక్కోవడం లాంటివి ఆపి తీరాలి. వాటిని ఆట అని ముద్దు చేయకూడదు. ఒక్కోసారి తిప్పడం కూడా ఆనందంతో కాదు, భయంతోనో అలసటతోనో చేస్తాడు. మొహం చూస్తే తెలుస్తుంది. అప్పుడు కావాల్సింది నిశ్శబ్దం.

నేననేది థెరపీ ఎక్కడ మొదలవ్వాలన్న విషయం గురించి. ఇందాక చెప్పిన కసారీయే తయారుచేసిన జాస్పర్ అనే పద్ధతిలో పిల్లాడు ఇప్పటికే ఏ ఆట ఆడగలడో చూసి అక్కడి నుంచి మొదలుపెడతారు, అతని ఆటని అనుకరిస్తారు, మెల్లగా ఒక మెట్టు కలుపుతారు. పళ్ళెం తిప్పేవాడికి ముందు రెండో పళ్ళెం. తర్వాత వంతులు. తర్వాత పళ్ళెంలో ఇడ్లీ ఉందనుకుని బొమ్మకి తినిపించడం. పళ్ళెం లాక్కుని చేతికి బ్లాకులిచ్చి "ఇళ్ళు కట్టు" అనడానికీ దీనికీ చాలా దూరం ఉంది.

ఇంకొకటి. ఎంత మంచి థెరపీ అయినా, వాడికి ఎవరూ ఏమీ నేర్పని కాసేపు కూడా కావాలి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆడుకోవడాన్ని హక్కు అంది. ఆట వల్ల ఏదైనా ఉపయోగం ఉంటేనే అని అందులో షరతు లేదు.

ఇక మన సంగతి

ఏటా ఏప్రిల్ 2న ఆటిజం డే అని కాలేజీల నుంచి స్పెషల్ స్కూళ్ళకి బస్సులు వెళ్తాయి. బెలూన్లు, కేక్, మైక్, డాన్సులు, గ్రూప్ ఫోటో. మంచి మనసుతోనే వెళ్తారు. కానీ ఒక్కసారి ఆ పిల్లల వైపు నుంచి చూడండి. ముందెప్పుడూ చూడని 40 మంది, ఎప్పుడు పేలుతుందో తెలియని బెలూన్లు, మైక్ గోల. మధ్యాహ్నానికి అందరూ మాయం. ఆటిజం ఉన్న పిల్లాడిని కష్టపెట్టడానికి ప్లాన్ వేసినా ఇంతకంటే బాగా వేయలేం.

హ్యాకథాన్‌ల సంగతి కూడా అంతే. 'ఆటిజం సొల్యూషన్' అంటే వెబ్‌క్యామ్ పెట్టి పిల్లాడు కళ్ళలోకి ఎన్ని సెకన్లు చూశాడో స్కోర్ ఇచ్చే యాప్, మొహాల ఫోటోలు చూపించి సంతోషమా కోపమా అని అడిగే యాప్. వాడిని ఇంకో గంట ఆడించడానికి ఇంకో సాధనం. పిన్నిని అడిగితే ఆవిడ కోరింది చాలా చిన్నది. రేపటి రోజు ఎలా ఉండబోతోందో ఇంటి ఫోటోలతో, తెలుగులో, అమ్మ గొంతుతో చూపించే టైమ్‌టేబుల్. ప్లాన్ మారితే 'ఈరోజు వ్యాన్ రాదు, నాన్న బండి' అని ముందే చూపించాలి. చవక ఫోన్‌లో, నెట్ లేకుండా నడవాలి. సెకండ్ ఇయర్ వాళ్ళం రెండు వారాంతాల్లో చేయగలిగే పని. ప్రైజ్ రాకపోవచ్చు.

ఈ సెమిస్టర్‌లో మన ఎన్ఎస్ఎస్ వాళ్ళకి ఒక ప్రతిపాదన ఇస్తున్నాను. ఏప్రిల్ 2 బస్సు బదులు ఒక నలుగురం, దగ్గర్లోని ఒక స్పెషల్ స్కూల్‌కి, అక్కడి టీచర్లు ఒప్పుకుంటేనే, ప్రతి శనివారం ఒకే టైమ్‌కి వెళ్దాం. అరగంట చాలు. కానుకలు వద్దు. నేల మీద కూర్చోవాలి, పిల్లలు ఏం చేస్తున్నారో చూడాలి, పిలిస్తే చేరాలి, పిలవకపోతే పక్కనే ఉండాలి. మొదటి నెల ఏమీ జరగనట్టే ఉంటుంది. అమ్మమ్మకే మూడు రోజులు పట్టింది, మనకి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇప్పటికి నాతో కలిపి ఇద్దరం ఉన్నాం. ఇంకో ఇద్దరు కావాలి. రెండే షరతులు: ప్రతి వారం రావాలి, ఫోన్ బ్యాగ్‌లో ఉండాలి.